నక్క తల్లి కథ చూసిన శనివారం

పొద్దున్నుంచీ ఒకటే వాన. పాప ఇంట్లో కుదురుగా ఉండటం లేదని మధ్యాహ్నం పక్క వీధి లైబ్రరీకి తీసుకెళ్లాను. అక్కడ పిల్లలకి కామిషిబాయి అనే జపాన్ బొమ్మల కథ వేస్తున్నారు. తలుపులున్న చిన్న చెక్క చట్రం, అందులో బొమ్మల అట్టలు. ఒక్కో అట్టా పక్కకి లాగుతూ కథ చెబుతారు. 1930ల్లో ఈ చట్రాన్ని సైకిల్ మీద పెట్టుకుని వీధుల్లో తిరుగుతూ, మిఠాయి అమ్ముతూ ఆడేవాళ్లట.

ఈరోజు కుజునోహా కథ. మా ఒసాకా దగ్గర షినోదా అడవిది. యసునా అనే అతను వేటగాళ్ల నుంచి ఒక తెల్లనక్కను కాపాడతాడు. ఆ నక్క, అతను చేసుకోవాల్సిన కుజునోహా రూపంలో వచ్చి కాపురం చేస్తుంది, కొడుకుని కంటుంది. కొన్నేళ్లకి అసలు కుజునోహా గుమ్మంలోకొచ్చి నిలబడుతుంది. ఇక నక్క వెళ్లిపోక తప్పదు.

కథ చెప్పేవిడ అక్కడ అట్టని సగం లాగి ఆపింది. ఒకపక్క అమ్మ ముఖం అలాగే ఉంది, రెండోపక్క కింది అట్టలోంచి తెల్లతోక బయటపడింది. పిల్లలంతా గప్‌చుప్.

1734లో ఒసాకాలో బొమ్మలాటగా మొదలై, కబుకీ అనే జపాన్ సంప్రదాయ నాటకంలోకి వెళ్లిన కథ ఇది. కబుకీలో ఇద్దరు కుజునోహాలనీ ఒకే నటుడు వేస్తాడు. నన్ను చూడాలనిపిస్తే షినోదా అడవికి రమ్మని నక్క తల్లి కాగితపు తలుపు మీద పద్యం రాసే ఘట్టం వీడియోలో చూశాను. పిల్లాడు వదలడు. వాణ్ని ఎత్తుకునే, కుంచె ఎడమచేతికి మార్చి, ఆఖరికి నోట కరుచుకుని రాస్తుంది. ఎన్ని మాయలు తెలిసినా ఆ క్షణంలో ఆమె ఉత్త తల్లే. నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఇక్కడి కథల్లో ఇలాంటి మాయజీవులు చాలామంది ఇంటి మనుషుల్లాంటివాళ్లే. ఉత్తర జపాన్‌లో ఇవాతె వైపు పాత ఇళ్లలో జషికి వరాషి అనే పిల్ల దయ్యం ఉంటుందంటారు. అది ఉన్నన్నాళ్లూ ఆ ఇల్లు కళకళలాడుతుంది, వెళ్లిపోతే చితికిపోతుంది.

"పసిపిల్లలకి ఇంత ఏడుపు కథలెందుకు?" అన్నారు మావారు. నేను ఒప్పుకోలేదు. ప్రతి వేసవిలో అమ్మమ్మ మెడ పట్టుకుని ఎయిర్‌పోర్టులో ఏడ్చే పిల్లకి ఎడబాటు కొత్తేమీ కాదు. ప్రేమ లేకే వెళ్లిపోతారని అది అనుకోకూడదు, అంతే.

"మరి ఆ బాబు అడవికి వెళ్లాడా?" అని పాప రాత్రి అన్నం తింటూ అడిగింది.

"వెళ్లాడు, వాళ్ల నాన్నతో. అమ్మ కనిపించింది. కానీ ఇంటికి మాత్రం రాలేదు."

ఒసాకా దగ్గరి ఇజుమిలో ఆ నక్క తల్లి పేరున గుడి ఉందని చెప్పగానే రేపే వెళ్దామని పట్టుబట్టింది. మావారు ట్రైన్ టైమింగ్స్ చూస్తున్నారు.