మట్టిలో దొరికిన కాసుని చింతపండుతో తోమకండి

మా సిక్కోలు వైపు దుక్కి దున్నినప్పుడో, బావి పూడిక తీసినప్పుడో, ఈమధ్య అయితే ఆన్‌లైన్‌లో కొన్న చవక మెటల్ డిటెక్టర్ పట్టుకుని సొంత గరువులో తిరిగినప్పుడో ఏదో ఒకటి బయటపడుతూనే ఉంటాది, నాకు పాత నాణేలంటే ఇష్టమని తెలిసినోళ్లు "ఏటి బావూ ఇది, విక్టోరియా కాసేనా?" అని పట్టుకొస్తారు. కానీ చాలాసార్లు నా చేతికొచ్చేసరికే అది తళతళా మెరిసిపోతుంటుంది, ఎందుకంటే ఇంట్లో ముందే చింతపండు వేసి రాగి చెంబు తోమినట్టు తోమేసి ఉంటారు. అది చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది.

ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న రాగి మీద ముందు ఎర్రటి ఆక్సైడు, దాని మీద ఆకుపచ్చ కార్బొనేటు పొర కడతాయి. నాణెం పైన ఉన్న లోహమే ఆ పొరగా మారిపోద్ది, అక్షరాల అంచులు, బొమ్మ గీతలు చాలావరకు మిగిలేది అందులోనే. చింతపండు పులుపు ఆ పొరని కరిగించేస్తే కింద గుంతలు పడిన రాగి బిళ్ల తప్ప ఇంకేం ఉండదు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో మట్టి మాత్రం వదిలించి, నీడలో ఆరబెట్టండి చాలు. తర్వాత చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫోటో తీయండి, మామూలుగా కనపడని అక్షరాలు నీడలుగా లేస్తాయి. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పు నేలలో దొరికినవాటి మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మటుకు దాన్ని వేరే డబ్బాలో పొడిగా పెట్టాలి, అది క్లోరైడు, తేమ తగిలినంతకాలం లోహాన్ని తింటూనే ఉంటాది.

ఇంక గుర్తుపట్టడం. అప్పట్లో మనది మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కదా, అందుకే ఈస్టిండియా కంపెనీవాళ్ల 1803 నాటి 20 క్యాష్ (క్యాష్ అంటే అప్పటి చిన్న డబ్బు లెక్క), 1808 నాటి 10 క్యాష్ రాగి నాణేలు మన దగ్గర కనిపిస్తాయి. ఒకవైపు కంపెనీ ముద్ర, రెండోవైపు పారసీ రాత, 20 క్యాష్ దాని మీదైతే "ఇరవై క్యాష్ అంటే నాలుగు ఫలూసులు (రాగి కాసులు)" అని. ఇవి ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో కొట్టి ఓడల్లో పంపినవి, మన పొలంలో తేలాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తాది. విక్టోరియా రాగి నాణెం మీద సంవత్సరం అరిగిపోయినా పేరు పక్కన క్వీన్ అని ఉంటే 1862 నుంచి 1876 లోపుది, ఎంప్రెస్ అని ఉంటే 1877 తర్వాతది, ఆ ఒక్క మాట తోమేస్తే కాలం పోయినట్టే. మధ్యలో బొక్క ఉన్న కాణీ అయితే 1943-47 మధ్యది, యుద్ధంలో లోహం పొదుపు కోసం అలా కొట్టారు.

అన్నీ నాణేలే అవ్వవు. ఎద్దుకొమ్ముల కుప్పెలు, మువ్వలు, సీసం గుండ్లు కూడా వస్తాయి. గుండుకి బొక్కగానీ గాడిగానీ ఉంటే వలకి కట్టిన బరువు అయ్యుండొచ్చు, తెల్లటి పొర కట్టి నున్నగా గుండ్రంగా ఉంటే పాత తుపాకీ గుండేమో చూడాలి. ఎక్కడ దొరికిందో చీటీ మీద రాసి అదే కవర్లో పెట్టండి, ఆ మడిలోకి చెరువు మట్టి తోలారా లేదా అనేది కూడా రాయండి. వేసవిలో పూడిక తీసి పొలాలకి తోలడం మనకి మామూలే, అలాంటప్పుడు వస్తువు అసలు చోటు మడి కాదు, చెరువు.

అన్నిటికన్నా భయం ఒకప్పుడు కళింగని ఏలిన గంగరాజుల బంగారు ఫణాల గురించి, అంటే బుల్లి బంగారు నాణేల గురించి. అర గ్రాము కూడా తూగవు, పూస అనుకుని కరిగించేస్తారు. ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు రాజు ఏలిన ఏడాది అంకె ఉంటాయి, అదీ అంకం లెక్కలో, అంటే 1, 6 వదిలేసి, 10 తప్ప సున్నాతో ముగిసేవి, ఆరుతో ముగిసేవి అన్నీ దాటేసి లెక్కపెట్టేది. ఆ చిన్న అంకె మన చరిత్రకి ఎంత విలువైనదో చెప్పలేను, కంసాలి కొలిమిలో పడితే అంతే.

శాలిహుండం కొండ, ముఖలింగం గుళ్ల లాంటి రక్షిత చోట్లకి మాత్రం డిటెక్టర్ పట్టుకెళ్లి తవ్వకండి, అది నేరం. సొంత పొలంలో దొరికినా 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏదైనా కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇచ్చేస్తే ఊరికే పోతాదని దాచుకునేవాళ్లకి చెప్తున్నా, సర్కారు తీసుకోదలిస్తే లోహం విలువకి ఇంకో ఐదో వంతు కలిపి కట్టాలని అదే చట్టంలో ఉంది.