స్కేలు చెప్పిన చోటే స్టేషను: రేకాల్ ఆర్‌ఏ17తో మూడేళ్ళు

మూడేళ్ళ క్రితం అక్టోబరులో ఒక ఆదివారం, నేనూ మా అబ్బాయీ చెరో పక్కా పట్టుకుని కారు డిక్కీలోంచి దించి, పెరటి షెడ్డులో బల్ల మీదికి చేర్చిన రేకాల్ ఆర్‌ఏ17 షార్ట్‌వేవ్ రేడియో రిసీవరు ఇప్పుడు దాదాపు ప్రతి సాయంత్రం పనిచేస్తోంది. 30 కిలోలు దాటిన బరువు, ట్రాన్సిస్టర్ల పని చేసే 23 గాజు వాల్వులు, ముందు భాగంలో బూడిద రంగు పలక, దాని మధ్యలో చిన్న కిటికీ, ఆ కిటికీలో కదిలే ఫిల్ము మీద అచ్చేసిన స్కేలు. దాన్ని పనిలో పెట్టడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో చేసినదీ, ఆ తర్వాత దాన్ని అదే స్థితిలో నిలుపుకోవడానికి చేస్తున్నదీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను ఉండేది ఇంగ్లండులోని రెడింగ్ పట్టణంలో. ఈ రిసీవరుకు ఇది పుట్టిల్లు లాంటి ప్రాంతమే. దీన్ని తయారు చేసిన రేకాల్ సంస్థ స్థిరపడిన బ్రాక్‌నెల్ మా ఇంటికి అరగంట ప్రయాణం. ఊరికి ఉత్తరాన కొండ మీద ఉన్న కావర్షమ్ పార్కు భవనంలో, 1943 నుంచి 2018 వరకూ, బీబీసీ వారి మానిటరింగ్ విభాగం ప్రపంచంలోని రేడియో ప్రసారాలను విని, అనువదించి, నివేదికలు రాసింది. ఇతర దేశాల ప్రసారాలను గంటల తరబడి, ఒకే ఫ్రీక్వెన్సీ మీద, చేయి పెట్టి సర్దే అవసరం లేకుండా వినడం ఎంత కష్టమైన పనో తెలిసినవాళ్ళ కోసమే ఇలాంటి రిసీవర్లు పుట్టాయి.

ఆ కష్టం నాకు చిన్నప్పుడే తెలుసు. కాకినాడలో మా ఇంట్లో ఒక వాల్వు రేడియో ఉండేది, దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్ళం. సిలోన్ రేడియోలో తెలుగు పాటల వేళకు పావుగంట ముందే మా నాన్నగారు దాన్ని వెయ్యమనేవారు, ఎందుకంటే సెట్టు వేడెక్కే కొద్దీ స్టేషను జరిగిపోయేది. పాట సగంలో ఉండగా ఈల మొదలయ్యేది, ఆయన మునివేళ్ళతో నాబ్ కాస్త తిప్పి మళ్ళీ దారిలోకి తెచ్చేవారు. షార్ట్‌వేవ్ అంటేనే అంత అని మేమంతా అనుకునేవాళ్ళం.

ఆ జారుడును ఆపడానికి ట్రెవర్ వాడ్లీ అనే దక్షిణాఫ్రికా ఇంజనీరు పట్టిన దారి ఎంత అందమైనదో చెప్పకుండా ఈ రిసీవరు గురించి రాయడం కుదరదు. రేమండ్ బ్రౌన్, కాల్డర్ కన్నింగ్‌హామ్ అనే ఇద్దరు తమ పేర్ల మొదటి అక్షరాలు కలిపి 1950లో పెట్టిన చిన్న సంస్థ రేకాల్. అమెరికన్ కాలిన్స్ 51జె రిసీవరును బ్రిటిష్ నౌకాదళానికి తయారు చేసి ఇద్దామనుకుంటే దానికి లైసెన్సు దొరకక, సొంత రిసీవరు వెతుక్కోవలసిన పరిస్థితిలో వాళ్ళకు వాడ్లీ ఆలోచన అందింది. (మన దేశంలో చాలాకాలం అందరి చేతుల్లో ఉన్న వోడాఫోన్ కూడా ఈ రేకాల్ కడుపున పుట్టినదే. దూరాలను మైక్రోవేవ్ తరంగాలతో కొలిచే టెల్యూరోమీటరును తయారు చేసినదీ ఈ వాడ్లీయే.)

ఆ ఆలోచన ఒక లెక్కలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 9.4 మెగాహెర్ట్జ్ మీద ఒక స్టేషను కావాలి. మెగాహెర్ట్జ్ డయలును 9 దగ్గర పెడితే లోపలి మొదటి ఆసిలేటరు (తనంతట తానే ఒక ఫ్రీక్వెన్సీని పుట్టించే భాగం) 49.5 దగ్గర ఉంటుంది. దానిలోంచి 9.4 తీసేస్తే 40.1. అదే ఆసిలేటరులోంచి, స్థిరమైన 1 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి వచ్చే 12వ హార్మోనిక్ (దానికి 12 రెట్లు, అంటే 12 మెగాహెర్ట్జ్) తీసేస్తే 37.5. ఇప్పుడు ఈ రెంటికీ తేడా 2.6 వస్తుంది, తర్వాతి భాగం వినేది దానినే. ఆసిలేటరు వేడికి 10 కిలోహెర్ట్జ్ పైకి జరిగిందనుకుందాం. మొదటిది 40.11 అవుతుంది, రెండవది 37.51 అవుతుంది, తేడా మాత్రం అదే 2.6. తప్పు రెండు దారుల్లోనూ సమానంగా వచ్చి, చివరికి తనను తానే కొట్టేసుకుంటుంది. ఆసిలేటరును కదలకుండా కట్టెయ్యాలని అప్పటిదాకా అందరూ ప్రయత్నించారు. వాడ్లీ దాన్ని కదలనిచ్చాడు. ఇక స్థిరంగా ఉండవలసినవి ఒక్క క్రిస్టలూ, 2.1 నుంచి 3.1 మెగాహెర్ట్జ్ మధ్య తిరిగే రెండవ ఆసిలేటరూ మాత్రమే, అంత తక్కువ ఫ్రీక్వెన్సీలో స్థిరత్వం సాధించడం అంత కష్టం కాదు.

నేను చేసే నిర్వహణ అంతా ఈ ఒక్క గుణాన్ని కాపాడడానికే. స్కేలు 9,400 అని చూపిస్తే స్టేషను అక్కడే ఉండాలి. రంగు వెలిసినా పరవాలేదు, పలక మీద గీతలున్నా పరవాలేదు.

ఇంటికి తెచ్చిన రోజున దాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టలేదు. ఎన్నేళ్ళు కరెంటు చూడకుండా ఉన్నదో తెలియని వాల్వు పరికరానికి ఒక్కసారిగా 240 వోల్టులు ఇస్తే, ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు షార్టయి, తమతోపాటు ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా తీసుకుపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ పోతే అలాంటిది మళ్ళీ దొరకదు. డిమ్మర్‌స్టాట్ పెట్టి వోల్టేజి మెల్లగా పెంచితే చాలని చాలామంది చెబుతారు, కానీ ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ కూడా వాల్వే అయిన సెట్టులో ఆ పద్ధతి సరిగా పనిచేయదు: దాని ఫిలమెంటు వేడెక్కేదాకా కండెన్సర్లకు వోల్టేజి చేరదు, చేరినప్పుడు ఒక్కసారిగా చేరుతుంది. అందుకని పెద్ద కండెన్సర్ల వైర్లు విప్పి, విడి పవర్ సప్లయి నుంచి 100 కిలోఓమ్‌ల రెసిస్టరు ద్వారా, రోజుకు కొన్ని గంటల చొప్పున వారంపాటు ఒక్కొక్క దానికీ వోల్టేజి పెంచుతూ వచ్చాను. రెండు కోలుకున్నాయి. ఒకటి ఎంతకీ లీకేజి తగ్గించుకోలేదు, దాన్ని మార్చాను. ఆ తర్వాతే, 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టి, స్విచ్చు వేశాను. బల్బు ఒకసారి మెరిసి ఎర్రగా తగ్గింది. వాల్వులు ఒక్కొక్కటిగా వెలిగాయి. లోపల 200 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది కాబట్టి ఇప్పటికీ మూత తీసిన ప్రతిసారీ, స్విచ్చు ఆపిన తర్వాత కూడా, కండెన్సర్లలో మిగిలిన చార్జిని రెసిస్టరుతో దింపి, మీటరుతో చూసిన మీదటే చేయి పెడతాను. ఈ అలవాటు లేనివారు వాల్వు సెట్ల జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను.

సెట్టు పలికింది కానీ, గొంతు బొంగురుగా ఉంది. స్పీకరుకు పంపే వాల్వు గ్రిడ్ (సిగ్నలు లోపలికి వెళ్ళే కొస) మీద పాజిటివ్ వోల్టేజి అన్నదే ఉండకూడదు, మీటరు 9 వోల్టులు చూపించింది. ముందు వాల్వు నుంచి శబ్దాన్ని మాత్రమే దాటనిచ్చి డీసీని ఆపవలసిన పేపరు కండెన్సరు, లోపలి కాగితం తేమ పట్టి, డీసీని కూడా దాటనిస్తోంది. బయటికి మాత్రం అది కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఆ వేళ నుంచి ఆ రకం కండెన్సర్లలో దేనినీ కంటితో చూసి నమ్మలేదు. ప్రతిదానికీ ఒక కొస విప్పి, అది పనిచేసే వోల్టేజి ఇచ్చి, ఎంత కారుతోందో కొలిచాను. బలమైన సిగ్నలు వస్తే సెట్టును తనంతట తానే తగ్గించే ఏవీసీ లైను మీద ఉన్నవి ముఖ్యం: అక్కడ రవ్వంత కారినా బలమైన స్టేషను వచ్చినప్పుడు సెట్టు తన్ను తాను తగ్గించుకోలేక శబ్దం చిట్లిపోతుంది. రెసిస్టర్లలో కూడా, పాతబడి విలువ పెరిగిపోయిన పదకొండింటిని మార్చాను. మిగతావాటిని ఉన్నచోటే ఉంచాను.

అలా ఉంచడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఈ రిసీవరులో 40 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకటి, 37.5 దగ్గర ఒకటి, కావలసిన ఫ్రీక్వెన్సీలనే దాటనిచ్చే రెండు ఫిల్టర్లు ఉన్నాయి. వాడ్లీ లెక్క కుదరాలంటే అవి రెండూ తమ వెడల్పులో, తమ స్థానంలో ఉండాలి. వాటిని సర్దే చిన్న మరలు, ట్రిమ్మర్లు, ఫ్యాక్టరీలో కొలత పరికరాల ముందు సర్దినవి, చెవితో సర్దగలిగినవి కావు. నాకు రాకముందు ఈ సెట్టును వాడిన ఎవరో, శబ్దం పెరుగుతుందేమోనని, 37.5 ఫిల్టరు ట్రిమ్మర్లను తలా ఇంత తిప్పి వదిలేశారు. ఫలితంగా మెగాహెర్ట్జ్ డయలు మీద ఏ అంకె దగ్గరా సిగ్నలు దానికి రాసిన గీత మీద శిఖరానికి రావడం లేదు, కొన్ని బ్యాండ్లలో లేని స్టేషన్లు ఈలలుగా పుట్టుకొస్తున్నాయి. చెడిపోయిన కండెన్సరును వెతకడం ఒక రాత్రి పని. మంచిగా ఉన్నదాన్ని ఎవరో తిప్పేస్తే మళ్ళీ మంచి చేయడానికి నాకు మూడు వారాంతాలు పట్టింది. ఫిల్టరు ఏ ఫ్రీక్వెన్సీని ఎంత దాటనిస్తోందో చూపించే చిన్న నెట్‌వర్క్ ఎనలైజరు ఒకటి అరువు తెచ్చుకుని, తెర మీద వంపు చూస్తూ, ఒక్కో ట్రిమ్మరును వెంట్రుకవాసి కదుపుతూ, వంపు తల చదునుగా, భుజాలు నిటారుగా వచ్చేదాకా కూర్చున్నాను. అది అయిన రోజున 0 నుంచి 29 దాకా ప్రతి అంకె దగ్గరా సిగ్నలు గీత మీదికి వచ్చి నిలబడింది. ట్రిమ్మర్లన్నింటి మీదా చిన్న మైనపు చుక్క పెట్టి, మూత బిగించాను.

స్కేలు సంగతి వేరు, అది చేతిపని. ప్రతి మెగాహెర్ట్జ్‌నూ సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవున చూపించే 35 మిల్లీమీటర్ల ఫిల్ము అది, సినిమా రీలులాగే అంచుల వెంట రంధ్రాలుంటాయి, పళ్ళ చక్రాలు దాన్ని లాగుతాయి. పాత గ్రీజు గట్టిపడి గేర్లు బిగిసిపోతే మనిషి నాబ్‌ను బలంగా తిప్పుతాడు, అప్పుడు చినిగేది ఫిల్మే. నాబ్ తిప్పగానే ఎక్కడో కరకరలాడినట్టు అనిపిస్తే వెంటనే ఆగాలి. నేను గేర్లను విడిగా కడిగి, పళ్ళ మీద పలచటి నూనె మాత్రం రాశాను, ఫిల్మును తాకకుండా. ఫిల్మును తుడవడానికి మెత్తటి పొడి బ్రష్షు తప్ప ఇంకేదీ వాడను. మీద ముద్రించిన అంకెలు పోతే రిసీవరు ఉన్నా లేనట్టే.

ఏరియల్ విషయంలో మొదట తప్పు చేశాను. ఇంటి చూరు నుంచి వైరు లాగితే, సోలార్ ఇన్వర్టరు, ఎల్‌ఈడీ దీపాలు, బ్రాడ్‌బ్యాండ్ పెట్టె, అన్నీ కలిసి గరగరమనే గోడ ఒకటి కట్టేశాయి. ఎంత మంచి రిసీవరైనా ఆ గోడ అవతల ఏముందో చెప్పలేదు. ఇప్పుడు ఏరియల్ పెరటి చివర కంచె వెంట ఉంది: 20 మీటర్ల వైరు, దాని మొదట్లో ఇంపిడెన్సును (ఓమ్‌లలో కొలిచే అడ్డును) తొమ్మిదింతల నుంచి ఒకటికి దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, అక్కడే నేలలోకి దిగగొట్టిన రాగి కడ్డీ, అక్కడి నుంచి షెడ్డుదాకా భూమిలో పూడ్చిన డిష్ టీవీ కేబులు. రిసీవరు కోరేది 75 ఓమ్‌లు కాబట్టి ఆ కేబులు సరిగ్గా సరిపోయింది. కేబులు షెడ్డులోకి వచ్చేచోట ఫెరైట్ రింగుల మీద పది చుట్లు చుట్టాను. రణగొణ తగ్గింది, పూర్తిగా పోలేదు.

సాయంత్రం ఏడింటికి స్విచ్చు వేసి, గంటసేపు దాని మానాన దాన్ని వదిలేస్తాను. తర్వాత స్కేలును సరిచూసే కాలిబ్రేటరు వేస్తే ప్రతి 100 కిలోహెర్ట్జ్‌కూ ఒక ఈల వినిపిస్తుంది. ఆ ఈల సన్నగిల్లి, లోతుగా మారి, ఆగిపోయే చోట చేయి ఆపి, కిటికీలోని గీతను ఆ అంకె మీదికి జరుపుతాను. ఆ పూటకు స్కేలు నిజం చెబుతుంది. ఆ తర్వాత 5,505 కిలోహెర్ట్జ్ మీద షానన్ నుంచి విమానాలకు చెప్పే వాతావరణ సమాచారం, 7 మెగాహెర్ట్జ్ మీద ఐరోపా హామ్‌ల (సొంత సరదాకి రేడియోలో మాట్లాడుకునే లైసెన్సుదారుల) మాటలు. ఎస్‌ఎస్‌బి (హామ్‌లు వాడే, తరంగంలో ఒక పక్కను మాత్రమే పంపే పద్ధతి) మాటలను వినాలంటే ఏవీసీ ఆపి, శబ్దం నాబ్ పూర్తిగా తెరిచి, మధ్య దశలో సిగ్నలును పెంచే ఐఎఫ్ గెయిన్‌ను తగ్గించి, 3 కిలోహెర్ట్జ్ ఫిల్టరు వేసి, అవతలివారు పంపని తరంగాన్ని లోపలే పుట్టించే బీఎఫ్‌ఓతో గొంతును సరిచేసుకోవాలి. గెయిన్ తగ్గించకపోతే మాట చిట్లి అర్థం కాదు. ఈ క్రమం తెలియకనే చాలామంది ఈ రిసీవరు ఎస్‌ఎస్‌బికి పనికిరాదంటారు. మొన్న ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం 14 మెగాహెర్ట్జ్ మీద వీయూతో మొదలయ్యే మన దేశపు కాల్‌సైన్ ఒకటి తగిలింది. నలభై నిమిషాలు నాబ్ ముట్టుకోకుండా విన్నాను. గొంతు మసకబారి మళ్ళీ తేలింది కానీ, స్వరం మారలేదు. 4,800 మీద ఒకప్పుడు వినిపించిన హైదరాబాద్ ఆకాశవాణి షార్ట్‌వేవ్ ప్రసారం ఇప్పుడు లేదు. ఆ చోటు దాటినప్పుడు కాసేపు ఆగుతాను.

నెలకొకసారి, అమెరికాలోని కొలరాడో నుంచి వచ్చే డబ్ల్యూ‌డబ్ల్యూ‌వీ సమయ సంకేతాన్ని 10 మెగాహెర్ట్జ్ మీద పట్టి, లోపలి క్రిస్టల్‌ను దానితో పోల్చి చూస్తాను. క్రిస్టల్‌లో ఒక హెర్ట్జ్ తేడా ఉంటే 12వ హార్మోనిక్ దగ్గర అది 12 హెర్ట్జ్ అవుతుంది కాబట్టి ఈ పరీక్షను వదలను. ఫలితాన్ని పక్కనున్న చిన్న పుస్తకంలో పెన్సిలుతో రాస్తాను. ఈ నెల 10 మెగాహెర్ట్జ్ దగ్గర తేడా 4 హెర్ట్జ్. పోయిన నెలా అంతే ఉంది, ఆ ముందు నెల 5. ట్రిమ్మరు ముట్టుకోలేదు.