చుక్కల పుస్తకంతో ఐదు నెలలు

ఫ్రాన్స్‌లోని తులూజ్ వచ్చిన రెండో ఏడు ఫ్రెంచ్‌లో బీ2 పరీక్ష (మధ్యస్థాయి కంటే కాస్త పైది) పాసయ్యాను. ఆ ధీమాతోనే లైబ్రరీలో ఫ్రెంచ్ రచయిత అలాఁ దమాసియో నవల ‘లే ఫ్యుర్తిఫ్’ తీసుకున్నాను. 2019లో వచ్చిన పుస్తకం, 700 పేజీలకు దగ్గర. వారం తిరిగేసరికి 30 పేజీలు కూడా దాటలేదు.

చిక్కంతా అచ్చులోనే. పేరాల మొదట్లో ఏవో గీతలు, చుక్కలు. ఉన్నట్టుండి మామూలు మాటల్లో అక్షరాల నెత్తిన కూడా చుక్కలు. అచ్చుతప్పులనుకుని మా ఫ్రెంచ్ టీచర్‌కి చూపించాను. ఆవిడ నవ్వేసింది. కథ చెప్పేవాళ్ళు చాలామంది. రచయిత పేర్లు వేయకుండా ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు పెట్టాడట. “డిక్షనరీ మూసేసి గట్టిగా చదవండి” అంది.

ఇంటికొచ్చి ఒక అట్టముక్క మీద గుర్తులన్నీ వేసి, పక్కన పేర్లు రాసుకున్నాను. అదే బుక్‌మార్క్. పది రోజులకి దాని అవసరం తగ్గిపోయింది. గుడి, కొమ్ము, వట్రసుడి చూస్తూ పెరిగిన కళ్ళు కదా!

కథ 2040 ప్రాంతపు ఫ్రాన్స్‌లో జరుగుతుంది. దివాలా తీసిన ఊళ్ళను కంపెనీలు కొనేసుకున్నాయి. దక్షిణాన ఒరాంజ్ అనే ఊరు ఆ పేరే ఉన్న టెలికాం కంపెనీ చేతికి పోయింది. జనానికి మొబైల్ ప్లాన్లలాగే స్టాండర్డ్, ప్రీమియం, ప్రివిలేజ్. స్టాండర్డ్ వాళ్ళు కొన్ని వీధుల్లో అడుగు పెట్టకూడదు. వేలికున్న ఉంగరం అన్నీ కనిపెడుతుంటుంది. ఈ నిఘాకి చిక్కకుండా బతికే జీవులే ఫ్యుర్తిఫ్‌లు. మనిషి కంటపడ్డాయా, అక్కడికక్కడే బిగుసుకుపోయి చచ్చిపోతాయి. తప్పిపోయిన తన చిన్న కూతురు తిష్క వాటితోనే వెళ్ళిందని లోర్కా నమ్మకం. తల్లి సహర్ నమ్మదు.

సహర్ పని పేరు దగ్గర రెండు రోజులు ఆగిపోయాను: ‘ప్రొఫెరాంత్’. డిక్షనరీలో లేదు. గట్టిగా అంటే అప్పుడు విడిపోయింది: ప్రొఫ్, ఎరాంత్. తిరుగు పంతులమ్మ! వీధుల్లో తిరుగుతూ ఉచితంగా పాఠాలు చెబుతుంది, అక్కడ అది నేరం. టోనీ అనే కుర్రాడి యాస మాత్రం చివరిదాకా సగమే అర్థమైంది. గిటారిస్టు యాన్ పెషాఁతో కలిసి దమాసియో చేసిన ఆల్బమ్ ఒకటుంది. వంట చేస్తూ అది వింటుంటే ఆ వాక్యాల దరువు పట్టుబడింది.

అయినా నడుమ ఉద్యమాల గురించి సాగే పేజీలు నాకు ఉపన్యాసంలాగే అనిపించాయి. కొన్ని దాటేశాను, దాచడమెందుకు? తిష్క కోసం వెతికే పేజీలు మాత్రం మెట్రోలో దిగాల్సిన స్టేషన్ మరిచిపోయేలా చదివించాయి.

ఐదు నెలలకి పుస్తకం తిరిగిచ్చేశాను. ఒక పేరా తెలుగులో పెడదామని కూర్చుంటే కొత్త తంటా. మన అక్షరాల నెత్తిన ఖాళీ ఎక్కడుంది, చుక్క పెట్టడానికి? పెట్టడం కుదరకపోతే తీసేద్దామని, ఒక వాక్యమంతా తలకట్లు లేకుండా నోటుబుక్కులో రాశాను. మా రూమ్మేట్ తొంగిచూసి, “ఏంట్రా, పెన్ను సరిగ్గా రాయట్లేదా?” అన్నాడు.