ఐదో రోజు, ఇరవై లీటర్లు

పొద్దున 6:15. క్లౌన్ చేప పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చి ఇది ఐదో రోజు. ఒసెల్లారిస్ రకం. ఒంటి మీద తెల్ల చారలు ఇంకా రాలేదు, అవి రావడానికి ఇంకో నాలుగైదు రోజులు పడుతుంది. తొట్టిలో నీళ్లు 20 లీటర్లు, వేడి 27 డిగ్రీలు. ఎయిర్ పంపు సెకనుకో బుడగ చొప్పున వదులుతోంది. అంతకంటే జోరు పెడితే ఈ వయసు పిల్లలు ఆ సుడిలో అలిసిపోతాయి.

మేత కంటే ముందు నీటిలో అమ్మోనియా పరీక్ష. 5 మి.లీ. నీళ్లు, రెండు సీసాల నుంచీ 8 చుక్కల చొప్పున, ఆపైన 5 నిమిషాలు ఆగాలి. నీళ్లలో నానోక్లోరాప్సిస్ అనే సన్న ఆల్గే (నాచు) పచ్చదనం ఉంది కాబట్టి మందు వేయని నీళ్లు ఇంకో గొట్టంలో పోసి పక్కన పెట్టుకుని పోల్చాలి. ఈ కిట్‌లో అమ్మోనియా రంగూ పచ్చే, ఆల్గే రంగూ పచ్చే.

రాత్రి 0.25 ఉన్న అమ్మోనియా ఇప్పుడు 0.5 పీపీఎం (లీటరుకు మి.గ్రా.).

కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో చేపను నిజంగా చంపేది అయాన్ కాని భాగం, అంటే విద్యుదావేశం లేని అమ్మోనియా. పీహెచ్ 8.2 దగ్గర, ఈ వేడిలో, అది మొత్తంలో 7-8 శాతం. పీహెచ్ 7.9కి దిగితే దాదాపు సగమవుతుంది. మూసిన గదిలో, తక్కువ గాలితో నడిచే పిల్లల తొట్టిలో పీహెచ్ ఎలాగూ దిగుతుంది. ఈరోజు 7.9 ఉంది. అది చూసి కంగారుపడి పీహెచ్ పెంచే బఫర్ పొడి వేయడమే పెద్ద తప్పు. అమ్మోనియా చుక్క పెరగకపోయినా విషం గంటలో రెట్టింపవుతుంది.

ఇంతకీ రాత్రికి రాత్రి ఇంకో 0.25 ఎక్కడిది? పిల్లల విసర్జన ఇంకా చాలా తక్కువ. తొట్టి అడుగున టార్చి వేస్తే జవాబు కనిపించింది. మూలల్లో బియ్యప్పిండి చల్లినట్టు పల్చటి తెల్లటి పొర. అదంతా చచ్చిన రోటిఫర్లే, అంటే పిల్లలకు మేతగా వేసే అతి చిన్న నీటి జీవులు. వాటి బకెట్లో ఉప్పు సాంద్రత 1.018, పిల్లల తొట్టిలో 1.024. ఒక్కసారిగా అంత తేడాలో పడితే రోటిఫర్లు ఈత ఆపి కిందికి దిగిపోతాయి. పిల్లలు కదిలే మేతనే పడతాయి కాబట్టి దిగిపోయినదంతా కుళ్లి అమ్మోనియా అవుతుంది. బకెట్‌ను రోజుకు 0.002 చొప్పున పైకి తేవాలి. ఆ పని ఈరోజే మొదలు.

అమ్మోనియా వచ్చే రెండో దారి రోటిఫర్లను పెంచే నీళ్లు, అంటే కల్చర్. లెక్క వేసి చూస్తేగానీ నమ్మబుద్ధి కాదు. 20 లీటర్లలో మి.లీ.కు 5 రోటిఫర్లు ఉండాలంటే లక్ష కావాలి. బకెట్లో మి.లీ.కు 200 ఉంటే అది అర లీటరు కల్చర్. ఆ కల్చర్ నీళ్లలో అమ్మోనియా 5 పీపీఎం ఉందనుకుందాం. జల్లెడ పట్టకుండా పోస్తే ఒక్క మేతతోనే తొట్టిలో 0.12 పెరుగుతుంది. రోజుకు మూడుసార్లయితే 0.36. పిల్లలకు అన్నం పెడుతున్నామనుకుంటాం, పోసేది మాత్రం రోటిఫర్ల మురుగు.

అందుకే 53 మైక్రాన్ల జల్లెడ. కల్చర్‌ను మెల్లగా వంచి, జల్లెడ అడుగు నీళ్లలో మునిగేలా ఉంచి, శుభ్రమైన ఉప్పునీళ్లతో రెండుసార్లు కడగాలి. జల్లెడను పూర్తిగా ఆరనివ్వకూడదు, రోటిఫర్లు నలిగిపోతాయి. కుళాయి నీళ్లతో కడగడం అసలే వద్దు. కడిగాక కూడా వెంటనే పోయలేదు. తొట్టి నీళ్లు 1 మి.లీ. తీసి వెలుతురుకెదురుగా పట్టి లెక్కపెడితే ఇంకా 7 ఈదుతున్నాయి. అంటే పొద్దుటి మేత అక్కర్లేదు. మేత వేళయింది గదా అని వేసేస్తే ఆల్గే తరిగిపోయి, రోటిఫర్లు వట్టి పొట్టలతో తిరుగుతాయి. పిల్లలకు అందులో బలం ఉండదు, నీళ్లకు మాత్రం బరువు.

తర్వాత అడుగు శుభ్రం. ఎయిర్ ట్యూబ్ చివర గట్టి ప్లాస్టిక్ గొట్టం తొడిగి, తెల్ల బకెట్లోకి సైఫన్. ముందు తొట్టి ఒక చివర చిన్న లైటు పెడితే పిల్లలు అటు చేరతాయి, రెండో చివర నుంచి లాగడం మొదలుపెట్టాలి. బకెట్లో ఎనిమిది చచ్చిన పిల్లలు, రెండు బతికినవి. బతికినవాటిని వలతో కాదు, నీళ్లతో సహా చిన్న కప్పుతో ఎత్తి తొట్టిలో వదలాలి.

తీసింది 6 లీటర్లు. కొత్త నీళ్లు నిన్నే ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు కలిపి గాలి పెట్టి ఉంచినవి. వాటి పీహెచ్ 8.2. ఒకేసారి కుమ్మరిస్తే బఫర్ వేసినంత పనీ అవుతుంది కాబట్టి రెండు గంటలు సన్నధారగా పోయాలి. లెక్కకు 0.5 కాస్తా 0.35 అవుతుంది. అంతకంటే దిగదు. నీళ్లు పోస్తూ, ఇంకో పక్క వదులుతూ మారిస్తే ఇంకా తక్కువే తగ్గుతుంది. అలా 20 లీటర్లకు 20 లీటర్లూ పోసినా పాత నీళ్లలో 63 శాతమే బయటికి పోతుంది. తీశాక పోయడమే లాభం. అమెరికాలో పెంచే మనవాళ్లకు ఇంకో చిక్కుంది. చాలా ఊళ్లలో కుళాయి నీళ్లలో క్లోరమైన్ ఉంటుంది, క్లోరిన్ విరుగుడు వేస్తే అందులోంచి అమ్మోనియా మిగులుతుంది. మార్చడానికి పోసే నీళ్లనూ ముందు పరీక్షించాలి.

అమ్మోనియాను బంధించే పొడి ఈరోజు వేయలేదు, 1 దాటితేనే తీస్తాం. అది వేశాక కూడా ఈ కిట్ బంధించినదాన్ని కలిపే చూపిస్తుంది. రంగు తగ్గలేదని మళ్లీ మళ్లీ వేస్తే ప్రాణవాయువు పడిపోతుంది. ఇక అమ్మోనియాను పట్టుకునే ఖనిజం, జియోలైట్. గోదావరి జిల్లాల్లో చేపల చెరువులు చేసేవాళ్లు ముందు చెప్పేది దాని పేరే. మంచినీటి చెరువుకు సరే. సముద్రపు నీటిలో మాత్రం సోడియం ముందే దాని చోట్లన్నీ ఆక్రమించేస్తుంది, అమ్మోనియాకు మిగిలేది కొంచెమే.

అసలు మందు అమ్మోనియాను తినే బాక్టీరియా పట్టిన స్పాంజ్ ఫిల్టర్. పెద్ద చేపల ట్యాంకులోది తెచ్చి పెట్టొచ్చు, కానీ దాంతోపాటు హైడ్రాయిడ్లు అనే చిన్న జీవులు వస్తే పిల్లల మేతను అవే తినేస్తాయి. అందుకని వేరే బకెట్లో, 20 లీటర్ల ఉప్పునీళ్లలో, నాలుగు వారాల నుంచి ఒకటి తయారవుతోంది. దాని మేత అమ్మోనియం క్లోరైడ్. కళాయి పోసేవాళ్ల నవాసారం ఇదే, అయితే బజారు సరుకు కాదు, ల్యాబులకు అమ్మే శుద్ధమైనది. 3.1 గ్రాములు లీటరు నీళ్లలో కరిగిస్తే మి.లీ.కు 1 మి.గ్రా. అమ్మోనియా లెక్క. 40 మి.లీ. పోస్తే బకెట్లో 2 పీపీఎం. నిన్న రాత్రి పోసింది ఈ సాయంత్రానికి సున్నా, అమ్మోనియా నుంచి బాక్టీరియా చేసే నైట్రైట్ కూడా సున్నా. రెండూ సున్నా అయితేనే స్పాంజ్ సిద్ధమైనట్టు.

రాత్రి 9:00. స్పాంజ్ తొట్టిలోకి మారింది. దాని బుడగలు పిల్లల్ని లాగకుండా వాల్వు దాదాపు మూసే ఉంది. పరీక్ష రంగు 0.25కీ 0.5కీ మధ్యన. మధ్యాహ్నం, సాయంత్రం కడిగిన రోటిఫర్లే పడ్డాయి, అడుగున తెల్ల పొర లేదు. రాత్రికి 4 లీటర్లు తీసేసి, 4 మి.మీ. గొట్టానికి వాల్వు పెట్టి సెకనుకు రెండు చుక్కల చొప్పున కొత్త నీళ్లు వదిలాం. గంటకు 360 మి.లీ., అంటే తెల్లవారి 8 గంటలకు నిండుతుంది. తర్వాతి మేత అయిన ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్యలాంటి జీవి) గుడ్లు రేపు పొద్దున నానబెట్టాలి, పెంకులు తొట్టిలో పడకుండా ముందే బ్లీచింగ్‌లో పెంకు తీయాలి.