వీధి కుక్క ఎవరిది?

వీధి కుక్కలు ఎవరో ఒకరివి కావు, అందరివీ అని మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి గొప్పగా చెప్తూ వచ్చాను. ఈ వేసవి సెలవులకి అమెరికా నుంచి తిరుపతి వచ్చినప్పుడు అదే మాట మళ్ళీ అంటే, "అయితే దీన్ని బండి గుద్దితే డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారమ్మా?" అని అడిగింది. పన్నెండేళ్ళ పిల్ల. నా దగ్గర జవాబు లేదు.

బైరాగిపట్టెడలో మా అమ్మ వాళ్ళింటి పక్కన కాలవ గట్టున దొరికిన కుక్కపిల్ల గురించి ఆ ప్రశ్న. ఒళ్ళంతా తెలుపు, ముక్కు గులాబీ రంగు. పక్కనే కుక్కర్ విజిల్ వేసినా లేవదు. వెనక నిలబడి చప్పట్లు కొడితే గాలి తగిలి తిరగొచ్చని, మా అమ్మాయి వంటింట్లో నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టింది. వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. ఇది మాత్రం కాళ్ళు చాపుకుని నిద్రపోతూనే ఉంది. పశువుల డాక్టరు చూసి, పుట్టుకతో వచ్చిన చెవుడే, మందు లేదన్నారు. ఒంటికి రంగునిచ్చే కణాలు లోపలి చెవికి కూడా అవసరమట. అక్కడ అవి లేకపోతే పుట్టిన కొన్ని వారాలకే వినికిడి పోతుంది. తెల్ల కుక్కలన్నీ చెవిటివి కావు గానీ, తెల్ల ఒంటి మీద చుక్కలుండే డాల్మేషియన్ జాతి కుక్కల్లో చెవుడు ఎక్కువగా కనబడేది ఈ కారణం వల్లే.

ఆ వీధిలో పెరిగినదాన్ని కాబట్టి నాకు తెలుసు, వీధి కుక్క బతికేది చెవులతోనే. ఏ గేటు చప్పుడైతే పెరుగన్నం వస్తుందో, ఏ హారన్‌కి పక్కకి జరగాలో దానికి తెలుసు. నేను అందరిదీ అని మురిసిపోయిన ఏర్పాటు వినబడే కుక్కకే పనికొస్తుంది. దీనికి ఒక ఇల్లు, మూసి ఉండే గేటు, బాధ్యత తీసుకునే మనిషి కావాలి.

మనతో తీసుకెళ్దామంది మా అమ్మాయి. అమెరికాలో కుక్క కావాలన్న ప్రతిసారీ వద్దన్నది నేనే కాబట్టి, ఇప్పుడూ సాకు చెప్తున్నాననుకుంది. పక్కన కూర్చోబెట్టి నిబంధనలు చదివించాను. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలోకి వచ్చే ఏ కుక్కకైనా కనీసం 6 నెలలు నిండాలి. రేబిస్ విషయంలో మన దేశం ప్రమాదం ఎక్కువున్న జాబితాలో ఉంది. ముందు గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్, తర్వాత రేబిస్ టీకా, కనీసం 30 రోజులు ఆగి అది పనిచేసిందో లేదో చూసే రక్త పరీక్ష, ఆ మీద మరో 28 రోజులు. ఆ పరీక్ష లేకుండా వెళ్తే అక్కడ క్వారంటైన్. ఇంకా టీకా వయసే రాని పిల్ల ఇది. మా సెలవుల్లో తెమిలే పని కాదు.

ఇక ఇల్లు వెతకడం. మా అమ్మాయి నోట్‌బుక్‌లో ప్రశ్నలు రాసుకుంది. రాత్రి ఎక్కడ పడుకుంటుంది? పెళ్ళికి ఊరెళ్తే ఎవరు చూస్తారు? తను పెరిగిన చోట కుక్కని ఇచ్చేముందు ఇవన్నీ అడుగుతారు. మా అమ్మకి తల కొట్టేసినట్టయింది. "ఇంటికొచ్చినోళ్ళని అట్ల నిలదీస్తే ఏమనుకుంటారు మే?" అని నా మీద విసుక్కుంది. అడగనివ్వమన్నాను. మర్యాద నేర్పాలని ఇన్నేళ్ళు పిల్ల వెంటపడ్డదాన్ని, ఈ ఒక్క విషయంలో పిల్ల పక్కనే నిలబడ్డాను.

వచ్చినవాళ్ళు ముందు అడిగేది ఒకటే: "మొరుగుతాదా?" మొరుగుతుంది, కానీ గేటు తీసిన చప్పుడు వినబడదు అంటే, "కాపలాకి పనికిరాదు గదా" అని వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళని తప్పుపట్టలేను. చెవుడు సంగతి దాచి ఇచ్చేయమని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. అది మాత్రం ఎవరూ చేయొద్దు. తెలియకుండా తీసుకెళ్ళినవాళ్ళు, పిలిస్తే పలకదు, మొండిదని కొడతారు.

చివరికి తిరుచానూరు నుంచి ఒకావిడ వచ్చింది. కాసేపు చూసి, "నిద్దరలో ఉన్నప్పుడు తాకితే ఉలిక్కిపడి కరుస్తాదేమో, ఎట్ల లేపాల పాపా?" అని మా అమ్మాయినే అడిగింది. పిల్ల నోట్‌బుక్ పక్కన పెట్టేసింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి వాసన తగలనిచ్చి, అప్పుడు భుజం మీద మెల్లగా తాకాలని చేసి చూపించింది. బొటనవేలు ఎత్తితే శభాష్ అని. చీకట్లో పిలవాలంటే టార్చి వెలిగించి ఆర్పడం. అమెరికా చెక్క నేల మీద కాలితో తడితే అదురు తెలుస్తుందని చదివింది గానీ, ఇక్కడ బండల నేల మీద అది పనిచేయలేదు. వీధిలోకి తాడు లేకుండా వదలొద్దని మరీ మరీ చెప్పింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం మా అమ్మాయి నాతో ఆవిడకి వీడియో కాల్ చేయించి గేటు చూపించమంటుంది. ఆవిడ ఓపిగ్గా చూపిస్తోంది. నాకు మొహమాటంగా ఉంది. నమ్మి ఇచ్చాక ఇంకా తనిఖీ ఏమిటని ఒక మనసు, వద్దంటే పిల్లలో నాకు నచ్చిన ఆ పట్టుదలని నేనే తుంచినట్టవుతుందేమోనని ఇంకో మనసు. రేబిస్ టీకా, తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఖర్చు మేం పెడతామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "ఇది మా ఇంటి పిల్ల గదమ్మా" అంది. ఆ మాట మా అమ్మాయికి చెప్పాను. సంతోషించింది, టీకా తేదీ మాత్రం రాసుకుంది. ఆ వారం ఫోన్ తనే చేస్తానంటోంది. నేనింకా ఔననలేదు, కాదనలేదు.