మంచు కింద పడుకునే ద్రాక్ష తోటలు

ఈమధ్య నా బుర్రంతా జపాన్ ఉత్తరాన హొక్కైడో దీవిలో ఉన్న యొయిచి చుట్టూనే తిరుగుతోంది. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, ఆపిల్ తోటలకి, విస్కీకి పేరు, ఇప్పుడు వైన్‌కి కూడా. చలికాలంలో సైబీరియా గాలి జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమంతా పీల్చుకుని ఇక్కడికొచ్చి మంచుగా కుమ్మరించేస్తుంది, అలాంటి చోట ద్రాక్ష ఎలా బతుకుతుందబ్బా అనిపిస్తుంది కదా, అసలు బతికేదే ఆ మంచు వల్ల!

పినో న్వార్, కెర్నర్ లాంటి యూరప్ రకాలకి మైనస్ 15, 20 దాకా చలి తగిలితే మొగ్గలు చచ్చిపోతాయి. పైన ఎంత గడ్డకట్టే చలున్నా మందంగా పేరుకున్న మంచు అడుగున మాత్రం దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది, అంటే మంచే వాటికి రగ్గు. అందుకే మొక్కని నిటారుగా కాకుండా ఏటవాలుగా నాటుతారు, కోతలయ్యాక మంచు పడేలోపే ప్రూనింగ్ చేసి, అంటే కొమ్మలు కత్తిరించి, వైర్ల నుంచి విప్పి నేల మీదకి వంచేస్తారు, మళ్ళీ వసంతంలో మంచు కరగ్గానే ఒక్కో తీగనీ లేపి కట్టాలి. ఎంత ఓపికుండాలి! నిటారుగా పెరిగి మాను ముదిరితే ఇక వంగదు, అందుకే నాటేరోజే ఆ వాలు ఆలోచించుకోవాలి.

అదే దీవిలో తూర్పున ఇకెదా ఊళ్ళో కథ వేరు, అక్కడ చలి ఎక్కువ, మంచు తక్కువ. కప్పడానికి మంచు చాలక తీగల మీద మట్టి ఎగదోస్తారు. 1963లో ఊరి పాలకవర్గమే వైన్ లైసెన్స్ తీసుకుంది, తర్వాత అడవి ద్రాక్షతో సంకరం చేసి యమసాచి అనే రకం తయారుచేశారు, దానికి మట్టి కప్పక్కర్లేదు. నాకైతే ఇదే అన్నిటికన్నా గొప్ప పని.

యొయిచిలో 2011లో, వైన్ లైసెన్స్ కావాలంటే ఏడాదికి కనీసం 6 వేల లీటర్లు చేయాలన్న రూల్‌ని 2 వేలకి తగ్గించారు, దాంతో చిన్న రైతులు కూడా సొంతంగా వైన్ చేసుకోగలుగుతున్నారు. చల్లటి వేసవిలో మెల్లగా పండే ద్రాక్ష కాబట్టి పులుపు నిలబడుతుంది, ఇక్కడి వైన్‌కి ప్రాణం అదే.

వాతావరణం కాస్త వేడెక్కడం వల్లే పినో న్వార్ ఇక్కడ బాగా పండుతోంది, కానీ ఆ వేడికే మంచు పలచబడి, మధ్యలో ఒక్క రాత్రి గట్టి చలి వస్తే ఆ తీగల గతేంటి అన్నదే నా బెంగ.