తొట్టిలో నిలబడి, సముద్రంలో పడుకునే క్లౌజర్

క్లౌజర్ మళ్ళీ పక్కకి పడుకుంది. హుక్ మీద వెంట్రుక కట్టి చిన్న చేపలా చేసే నకిలీ ఎర ఇది, ఇలాంటివాటిని ఫ్లై అంటారు. విశాఖ తీరంలో మంగమారిపేట రాళ్ళ దగ్గర నీళ్ళు తేటగా ఉండటంతో ఈసారి కళ్ళారా చూశాను. మొదట్లో కొన్ని కాస్టులు (విసుర్లు) హుక్ మొన పైకి పెట్టుకుని బుద్ధిగానే వస్తుంది. కాసేపటికి ఎడమకి ఒరగడం మొదలుపెడుతుంది. ఇంకాసేపటికి స్ట్రిప్ చేసినప్పుడల్లా, అంటే లైనుని చేత్తో లాగినప్పుడల్లా, పూర్తిగా పక్కకి తిరిగి, కడుపు చూపిస్తూ వస్తుంది. పక్క రాయి మీద చేతిగాలం వేస్తున్న పెద్దాయన కాసేపు చూసి, "సచ్చిన నెత్తల్లాగ ఈదుతుందేటి బాబూ నీ ఈక?" అన్నాడు. నిజమే బాబాయ్ అన్నాను, ఇంకేం అంటాను.

బరువు కళ్ళు లేని డిసీవర్ అనే ఫ్లై అయితే పక్కకి ఒరిగినా నేను పట్టించుకోను. క్లౌజర్ సంగతి వేరు. బాబ్ క్లౌజర్ 1987లో అమెరికాలోని సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ చేపల కోసం దీన్ని కట్టిందే ఆ బరువు కళ్ళ కోసం, అంటే హుక్ కాడకి కట్టే డంబెల్ లాంటి లోహపు గుండ్ల కోసం. కళ్ళు కిందికి, మొన పైకి, లాగి ఆపినప్పుడు తల దించి మునగాలి. మొన పక్కకి తిరిగిందంటే రాళ్ళకి పట్టేస్తుంది, మునిగే తీరూ పోతుంది. అలాంటప్పుడు అంత బరువు మోసుకుంటూ విసరడం దేనికి?

నేను కడుతున్నది ఇదీ: ముస్టాడ్ 34007 హుక్, 2/0 సైజు. 210 డెనియర్ దారం. ఇత్తడి కళ్ళు 1/30 ఔన్స్, అంటే 0.94 గ్రాములు. జింక తోక బదులు మేక తోక వెంట్రుక. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా ఇక్కడ జింక జోలికి పోయే ప్రసక్తే లేదు. కింద తెలుపు, పైన ఆలివ్ రంగు అద్దినది, మొత్తం 8 సెంటీమీటర్లు, ఇక్కడి నెత్తళ్ళ సైజు. క్రిస్మస్ తళుకు దండలోంచి నాలుగు పోగులు. బాత్రూమ్ సింకు బిరడా గొలుసు పూసలు కూడా కళ్ళుగా వాడి చూశాను. ఇంతకంటే చాలా చిన్నదైన 4 నంబరు హుక్ మీద భేషుగ్గా ఉన్నాయి, 2/0 మీద దండగ.

విసుగు పుట్టించేది ఏమిటంటే, ఇంట్లో అక్వేరియం తొట్టిలో ఈ ఫ్లై ఒక్కసారి కూడా తప్పలేదు. లీటరుకి 35 గ్రాముల గళ్ళుప్పు వేసి, సముద్రపు నీళ్ళలా చేసి మరీ చూశాను. వదిలితే చాలు, గిర్రున తిరిగి మొన పైకి పెడుతుంది. సముద్రంలోనే ఒరుగుతుంది.

కళ్ళు కాడ చుట్టూ తిరిగిపోతున్నాయేమోనని మొదట అనుమానించాను. కళ్ళ మీద, కాడ మీద కలిపి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. సాయంత్రం వచ్చి భూతద్దంతో చూస్తే గీత గీతలాగే ఉంది. తర్వాత అనుమానం వెంట్రుక మీదకి పోయింది. దారం బిగించేటప్పుడు వెంట్రుకని అవతలి పక్కకి లాక్కుపోతుంది కదా, ఒక పక్క ఎక్కువ పడి ఉండొచ్చు. దారాన్ని సగం అటూ సగం ఇటూ తిప్పి కట్టినవి వేసి చూశాను. ఈసారి కుడికి ఒరిగింది. అంటే ఏ పక్కకి ఒరగాలో వెంట్రుక తేలుస్తోంది, ఒరగడానికి కారణం వేరే ఉంది. ఫ్లైని బిగించి పట్టే క్లించ్ ముడి తీసేసి, వదులుగా ఆడనిచ్చే నాన్-స్లిప్ లూప్ ముడి వేశాను. ఒరగడం ఆలస్యమైంది, ఆగలేదు.

అసలు సంగతి బయటపడింది మాత్రం అనుకోకుండా. సముద్రం నుంచి తెచ్చిన తడి ఫ్లైని కడగకుండా అలాగే తొట్టిలో వేశాను. అక్కడా పడుకుంది! అదే ఫ్లై ఆరబెట్టి మర్నాడు వేస్తే నిలబడింది. మళ్ళీ రాత్రంతా నానబెట్టి వేస్తే మళ్ళీ పడుకుంది. పొడి వెంట్రుకల మధ్య చిక్కుకున్న గాలే ఇన్నాళ్ళూ మొనని పైకి లేపుతోందని, కాస్టులు పడేకొద్దీ ఆ గాలి బయటికి పోతోందని నా అంచనా.

అయితే కళ్ళు ఏం చేస్తున్నట్టు? బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా తీశాను, 0.01 గ్రాము దాకా చూపిస్తుంది. మొండిబారిన 2/0 హుక్ ఒకటి కటింగ్ ప్లేయర్‌తో వంపు మొదలయ్యే చోట తుంచాను. మొత్తం 0.88 గ్రాములు, అందులో వంపు, మొన కలిపి 0.46. గ్యాప్, అంటే కాడకీ మొనకీ మధ్య దూరం, 14 మిల్లీమీటర్లు. వంపు భాగం బరువు కాడ నుంచి సగటున 9 మి.మీ. దూరంలో ఉందనుకుంటే 0.46 × 9 = 4.1. ఇది మొనని కిందికి తిప్పే బలం (గ్రాములు × మి.మీ.). కళ్ళ మధ్యభాగం కాడ మధ్యనుంచి 2 మి.మీ. ఎత్తులో ఉంది, 0.94 × 2 = 1.9. స్టీలు, ఇత్తడి సాంద్రతలు దగ్గర దగ్గరే కాబట్టి నీళ్ళలో మునిగినా ఈ నిష్పత్తి పెద్దగా మారదు. సగం బలం కూడా లేని కళ్ళు పోట్లాడుతున్నాయన్నమాట. వెంట్రుక లేకుండా ఉత్త హుక్‌కి కళ్ళు కట్టి నీళ్ళలో వేశాను. మొన కిందికే పోయింది.

ఇక్కడ నాకొక గొప్ప ఆలోచన వచ్చిందనుకున్నాను. పడవల వాళ్ళు వాడే తెల్ల పాలీప్రొపిలీన్ తాడు నీళ్ళలో తేలుతుంది కదా, దాని పేటలు విప్పి పేలదువ్వెనతో దువ్వి రెక్కగా కడితే ఎంత నానినా తేలుతూనే ఉండాలి. కట్టే ముందు లెక్క వేయడం మంచిదైంది. దాని సాంద్రత 0.9 చిల్లర. ఫ్లైకి పట్టే 0.15 గ్రాముల నారకి దక్కే తేలుడు 0.02 గ్రాములు. దాన్ని 10 మి.మీ. దూరంలో పెట్టినా 0.2. మనకి కావాల్సింది రెండుకి పైనే. పైగా ఆ నార మొద్దుగా ఉంటుంది, నీళ్ళలో మేక వెంట్రుకలా కదలదు. తాడు ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి వాడుతున్నాం.

ఇక మిగిలింది కళ్ళని ఎత్తడం. బరువు 1/24 ఔన్స్‌కి, అంటే 1.18 గ్రాములకి పెంచి, కాడకీ కళ్ళకీ మధ్య ఖాళీ పెన్ను రీఫిల్ ముక్క ఒకటి పొడుగ్గా పడుకోబెట్టి కట్టాను. దాంతో కళ్ళ మధ్యభాగం 4.5 మి.మీ. ఎత్తుకి వచ్చింది. 1.18 × 4.5 = 5.3. కాగితం మీద గెలిచాం. రాత్రంతా నానబెట్టి తొట్టిలో వేసి వేలితో పక్కకి తోసినా లేచి నిలబడుతోంది. చూడ్డానికి మాత్రం అసహ్యంగా ఉంది, ముక్కు కింద పుండు లేచినట్టు. వెంట్రుకతో కొంత కప్పొచ్చు.

సముద్రంలో ఈ కొత్తది కూడా ఒక పూటే నిలిచింది. రాళ్ళకి రెండు దెబ్బలు తగిలాక ఈసారి నిజంగానే కళ్ళు పక్కకి జారాయి. విప్పి చూస్తే రీఫిల్ నున్నటి ప్లాస్టిక్ మీద సూపర్ గ్లూ పొరలా ఊడి వచ్చేసింది. మామూలు సూపర్ గ్లూ పెళుసు, దెబ్బకి ఓర్చదు. ఈసారి రీఫిల్‌ని గరుకు కాగితంతో రుద్ది, నెమ్మదిగా గట్టిపడే రకం ఆరాల్డైట్ పూసి, ఒక రోజంతా కదపకుండా వదిలేస్తాను. యూవీ రెజిన్ కళ్ళ మీద పైపూతకి సరే గానీ, వెలుతురు చేరని చోట, అంటే కళ్ళ కింద, దాన్ని నేను నమ్మను. హుక్ మార్చమని ఒక మిత్రుడి సలహా. గమకట్సు ఎస్‌సీ15 మొన అద్భుతం, సానపట్టే పని లేదు. కానీ దాని గ్యాప్ వెడల్పు, నా లెక్కకి అదే విరోధం. 34007ని ఆకురాయితో నాలుగు సార్లు రాసుకుంటే నాకు చాలు.

చేపల సంగతి: ఒక పార చేప పడింది, ముప్పావు కిలో, వేపుడు అయిపోయింది. అదీ పక్కకి పడుకున్న ఫ్లైకే పడింది, దానికి ఈ లెక్కలేవీ తెలియవు. భీమిలిలో గోస్తని కలిసే చోట పోటు తిరిగే వేళ డిసీవర్‌కి జానెడు పండుగప్ప తగిలితే వదిలేశాను. పెద్దది పడినా వదిలేద్దామనే ఉంది. పండుగప్ప ముందు మగదిగా పెరిగి తర్వాత ఆడదవుతుంది, బాగా పెద్దవన్నీ దాదాపు గుడ్లు పెట్టేవే. పులుసుకి రెండు కిలోల లోపుది ఎలాగూ రుచి. ఈ మాట ఇంట్లో చెప్తే ఒప్పుకోరు, అది వేరే విషయం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇంజన్ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి మిత్రుడి పడవలో వెళ్ళే మాట ఆ తర్వాతే. ఈలోగా ఒడ్డు మీద నుంచే. ఆరాల్డైట్ పూసిన క్లౌజర్లు 2/0 మీద కొన్ని, అదే కళ్ళతో రీఫిల్ లేకుండా ఒక సైజు చిన్నదైన 1/0 మీద కొన్ని కట్టుకుని కళింగపట్నం వెళ్ళాలి, వంశధార మొగ దగ్గరికి. అక్కడ ఇసుకే, రాళ్ళు లేవు. కళ్ళు జారితే జిగురు తప్పో రాళ్ళ తప్పో అక్కడ తేలిపోతుంది. నీళ్ళలో నెమ్మదిగా మునిగే ఇంటర్మీడియట్ లైను కూడా కొనాలని ఉంది, ధర చూసి మళ్ళీ ట్యాబ్ మూసేశాను.